మణికట్టు లిగమెంట్ దెబ్బతింటే ఆర్థ్రోస్కోపీ ఎప్పుడు చేయించుకోవాలి

అరచెయ్యి నేలకి ఆనించి పడ్డాక మణికట్టు వాస్తే బెణికిందిలే అని క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని తిరిగేస్తాం, నేనూ అలాగే ఐదు వారాలు గడిపేశా, అందుకే ఇది రాస్తున్నా. ముందు చేయాల్సిన పని ఒకటే, పడ్డ తేదీ ఫోన్లో రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఆర్థ్రోస్కోపీ (సన్నటి కెమెరాతో కీలు లోపల చూసే పద్ధతి) గానీ ఇంకో ఆపరేషన్ గానీ ఎప్పుడు, ఏ రకం అన్నది ఆ తేదీ నుంచే లెక్క.

తర్వాత నొప్పి ఎక్కడుందో చూసుకోండి. చేతి వెనక వైపు మణికట్టు మధ్యలో నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే, కుర్చీ చేతుల మీద బరువేసి లేవలేకపోతుంటే, స్కాఫోలూనేట్ లిగమెంట్ మీద అనుమానం పెట్టుకోవాలి. మణికట్టులోని రెండు చిన్న ఎముకల్ని కలిపి పట్టుకునే గట్టి పట్టీలాంటి లిగమెంట్ అది. అసలు తొందర దీనితోనే. పూర్తిగా తెగిందంటే సుమారు ఆరు వారాల లోపు కుడితే అతుక్కునే అవకాశం బాగుంటుంది, ఆ తర్వాత తెగిన కొసలు ముడుచుకుపోతాయి, ఎముకలు పక్కకి తిరిగిపోతాయి, అప్పుడు నేరుగా కుట్టడం కుదరక, కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటి వేరే టెండన్‌తో కొత్తగా కట్టాల్సి రావచ్చు. అలాగే ఏళ్లు వదిలేస్తే ఎముకల కొసల మీద నున్నటి పొర, అంటే కార్టిలేజ్, అరిగి ఆర్థరైటిస్ రావచ్చు, ఆ దశలో లిగమెంట్ కుట్టినా లాభం ఉండదు.

మొదటి ఎక్స్‌రే నార్మల్ అని నిశ్చింతగా ఉండిపోకండి, నేను మోసపోయింది అక్కడే. గుప్పిట గట్టిగా బిగించి రెండు చేతులకీ ఎక్స్‌రే తీయమని అడగండి, బిగించినప్పుడే ఆ ఎముకల మధ్య సందు బయటపడుతుంది, 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. ఎంఆర్ఐ కూడా కొన్నిసార్లు చిరుగుని పట్టుకోలేదు. రెండు మూడు మిల్లీమీటర్ల సన్నటి కెమెరా లోపలికి పంపి కొక్కెంలాంటి ప్రోబ్‌తో లిగమెంట్‌ని కదిపి చూస్తేనే తేలే సందర్భాలున్నాయి, అదే ఆర్థ్రోస్కోపీ.

నొప్పి చిటికెన వేలు వైపు ఉండి, తాళం తిప్పినా తడిబట్ట పిండినా కలుక్కుమంటుంటే అది టీఎఫ్‌సీసీ, అంటే ఆ వైపు ఎముకల మధ్య మెత్తలా ఉండే కార్టిలేజ్, లిగమెంట్ల కట్ట, చిరగడం కావచ్చు. ఇక్కడ అంత హడావిడి అక్కర్లేదు. కీలు నిలకడగా ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలు స్ప్లింట్, తర్వాత ఫిజియోథెరపీ, చాలామందికి దీంతోనే తగ్గుతుంది, మూడు నెలలైనా తగ్గకపోతే అప్పుడు ఆర్థ్రోస్కోపీ మాట. కానీ చెయ్యి తిప్పుతుంటే ఆ వైపు ఎముక గుబ్బ పైకి లేచి కదులుతుంటే ఆగొద్దు, తొందరగా చూపించుకోవాలి. అంచున చిరిగితే రక్తప్రసరణ ఉంటుంది కాబట్టి కుడతారు, మధ్యలో చిరిగితే రక్తం అందదు కాబట్టి చిరుగు అంచుల్ని నున్నగా చేసి వదిలేస్తారు.

కార్టిలేజ్ తనంతట తాను సరిగ్గా పెరగదు. ముక్క ఊడి లోపల ఇరుక్కుని మణికట్టు పట్టేస్తుంటే వారాల తరబడి వెయిట్ చేయొద్దు. ముంజేతిలో బొటనవేలు వైపుండే రేడియస్ ఎముక కూడా విరిగిందా, ఆపరేషన్ ఎలాగూ చేస్తున్నారంటే అప్పుడే కెమెరాతో లిగమెంట్లు కూడా చూస్తారా అని ముందే అడగండి, ఎముక అతుక్కోవడం మొదలయ్యాక మళ్లీ సర్దడం కష్టం.

వేళ్లు మొద్దుబారినా, జ్వరంతో పాటు మణికట్టు ఎర్రగా వాచినా ఈ వారాల లెక్కలన్నీ పక్కనపెట్టి అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఆపరేషన్ డేట్ పెట్టుకునేటప్పుడు తర్వాతి రోజుల్ని కూడా లెక్కేసుకోండి, కుట్టాక సుమారు ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కట్టో స్ప్లింటో ఉంటుంది, బరువులెత్తడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. సెలవు దొరకట్లేదని వాయిదా వేసే ముందు సర్జన్‌ని సూటిగా అడగండి: "నాది ఆగగలిగే దెబ్బేనా, ఇంకో నెల ఆగితే కుట్టడం కుదురుతుందా?"