కాయిన్లను సొంత వాలెట్‌లోకి మార్చే ముందు

ఎక్స్ఛేంజ్‌లో (కాయిన్లు కొని అమ్మే యాప్‌లో) ఉన్న బిట్‌కాయిన్‌ను హార్డ్‌వేర్ వాలెట్‌లోకి (కాయిన్ల తాళంచెవిని ఆఫ్‌లైన్‌లో దాచే చిన్న పరికరంలోకి) మారుస్తున్నారా? హడావిడి లేని రోజు చూసుకుని కూర్చోండి.

☐ వాలెట్‌ను తయారీ కంపెనీ దగ్గరే కొనండి. డబ్బాలో సీడ్ పదాలు (వాలెట్ తనే తెరపై చూపించాల్సిన రహస్య పదాలు) ముందే రాసి ఉంటే అది మోసమే, వాడకండి.

☐ సీడ్ పదాలే అసలు తాళంచెవి. 2048 ఇంగ్లిష్ పదాల జాబితా నుంచి 12 లేదా 24 వస్తాయి. వాలెట్ పాడైనా ఇవి ఉంటే డబ్బు తిరిగొస్తుంది. రెండూ పోతే ఏ కస్టమర్ కేరూ ఏమీ చేయలేదు. వరుస నంబర్లు వేసి, విడివిడి అక్షరాలతో రాయండి. నేను మొదటిసారి గొలుసుకట్టుగా రాశాను. తర్వాత చూస్తే అది ‘వైన్’ (wine) పదమో ‘వైర్’ (wire) పదమో తెలియక చెమటలు పట్టాయి. జాబితాలో రెండూ ఉన్నాయి మరి!

☐ ఫొటో తీయొద్దు. వాట్సాప్‌లో, మెయిల్‌లో అసలే వద్దు.

☐ రెండో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. కాగితానికి చెమ్మ, చెదల భయం ఉంది. అందుకే స్టీలు రేకు మీద చెక్కుకోవచ్చు, కానీ ఆ పని బయటివాళ్లకు ఇవ్వకండి, మీరే చేయండి.

☐ ముందు కొద్ది మొత్తమే పంపండి. కాయిన్లు చేరాల్సిన అడ్రస్‌ను వాలెట్ తెరపై చివరి అక్షరం దాకా సరిచూడండి. తర్వాత వాలెట్‌ను రీసెట్ చేసి, కాగితం చూసి పదాలు ఎక్కించండి. బ్యాలెన్స్ కనిపించాకే మిగతాది పంపండి. దయచేసి ఈ పరీక్ష మానకండి.

☐ కాగితం ఎక్కడుందో ఇంట్లో నమ్మకమైన ఒకరికి చెప్పండి.

☐ పాత హార్డ్‌డిస్కులు పారేసే ముందు తెరిచి చూడండి. 2013లో బ్రిటన్‌లోని న్యూపోర్ట్‌లో వేల బిట్‌కాయిన్ల తాళంచెవి ఉన్న డిస్క్ చెత్తకుప్పలో కలిసిపోయింది.

☐ ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్ దించుకోండి. క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను లెక్కకు కొన్న ధర కావాలి.