ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో వీడియో తీసి, ఎడిట్ చేసుకోవడం ఎలా?

హాస్టల్ గదిలోనో క్లాస్‌రూంలోనో ఫోన్‌తో వీడియో తీస్తే ఒక్కోసారి వెనక గోడ మీద నల్లటి చారలు పాకుతూ కనిపిస్తాయి. ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది, అది మన కంటికి తెలియదు గానీ కెమెరా పట్టేస్తుంది. ఈ చారల్ని పోగొట్టడం వస్తే సెట్టింగ్స్‌లో సగం వచ్చినట్టే.

ముందు ఆటో మోడ్ వదిలేయండి. ఫోన్‌లో ప్రో వీడియో (సెట్టింగ్స్ మనమే పెట్టుకునే మోడ్) ఉంటే సరే, లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే. అది మీ ఫోన్‌లో నడవకపోతే ఓపెన్ కెమెరా చూడండి. ఫ్రేమ్ రేట్ (సెకనుకు తీసే బొమ్మల సంఖ్య) 25 పెట్టి, షట్టర్ (ఒక్కో బొమ్మకి వెలుగు పడే సమయం, సెకన్లలో) 1/50 దగ్గర ఉంచండి. 25 లేదా? 30 పెట్టుకోండి, షట్టర్ మాత్రం 1/50 లేదా 1/100 ఉండాలి. అమెరికాలో చదువుతున్నవాళ్లకి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 1/60. కొన్ని చవక ఎల్ఈడీ బల్బులు దీనికీ లొంగవు, వాటిని ఆపేసి కిటికీ దగ్గరికి జరగడమే.

చాలా ఫోన్లలో అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మారదు, షట్టర్‌ని ఒకచోట నిలిపేశాం, ఇక వెలుతురు సరిచేయడానికి మిగిలింది ఐఎస్ఓ (బొమ్మని ఎంత వెలుతురుగా చూపాలో చెప్పే నంబర్) ఒక్కటే. మొహం స్పష్టంగా కనిపించే అతి తక్కువ నంబర్ దగ్గర ఉంచండి, ఇంకా పెంచితే చీకటి భాగాల్లో చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఎండలో మాత్రం 1/50 పెడితే అంతా తెల్లగా పేలిపోతుంది, అక్కడ షట్టర్ వేగం పెంచేయండి, ట్యూబ్‌లైట్ లేదుగా. కదలికలు కాస్త కుదుపుగా అనిపిస్తాయి, కానీ దానికోసం ఇప్పుడే ఎన్డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టి వెలుగు తగ్గించే అద్దం) కొనక్కర్లేదు.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగుల్ని సరిచేసే సెట్టింగ్) లాక్ చేయడం మర్చిపోతే ఎడిటింగ్‌లో ఏడుస్తారు: ఒక షాట్‌లో మొహం పసుపు, ఇంకోదాంట్లో నీలం. పగటి వెలుగుకి సుమారు 5500 కెల్విన్, పసుపు బల్బుకి 3000. నంబర్లు గుర్తుండకపోతే మొహం పక్కన తెల్ల కాగితం పట్టుకుని, అది తెల్లగా కనిపించేదాకా ఆ సెట్టింగ్‌ని జరపండి. ఫోకస్ కూడా మొహం మీద లాక్ చేయండి.

ఇక సౌండ్. ఫ్యాన్ ఆపండి. ఇంకో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మాట్లాడేవాళ్ల దగ్గరే కెమెరాకి కనపడకుండా పెట్టి, మొదట్లో కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ శబ్దం దగ్గర రెండూ కలుపుకోవచ్చు. మూడు అడుగుల అవతల ఉన్న కెమెరా మైక్ కంటే ఇది చాలా నయం.

ఎడిటింగ్‌కి లాప్‌టాప్ గట్టిదైతే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, 8 జీబీ ర్యామ్‌తో నెట్టుకొస్తుంటే షాట్‌కట్ మేలు. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేట్‌ని కాస్త అటూఇటూ మారుస్తూ రికార్డ్ చేస్తాయి, అందుకే పొడవాటి వీడియోలో పోనుపోను పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది. అలా జరిగితే ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌లో ఫ్రేమ్ రేట్‌ని స్థిరంగా మార్చుకుని తెచ్చుకోండి. రిజాల్వ్‌లో ఇంకో చిక్కు: క్లిప్పులు టైమ్‌లైన్ (వాటిని వరుసగా పేర్చే చోటు) మీద వేశాక దాని ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు, అందుకే అది ముందే పెట్టాలి.

తర్వాత కోతే. రిజాల్వ్‌లో కంట్రోల్ బి నొక్కి ముక్కలు చేస్తూ అనవసరమైనదంతా తీసేసి, పాట లేకుండా ఒకసారి మొత్తం చూడండి. ఎక్కడ బోర్ కొడితే అక్కడ మళ్లీ కోయండి. ట్రాన్సిషన్లూ ఎఫెక్టులూ ఇప్పుడే వద్దు (నన్నడిగితే తర్వాత కూడా వద్దు). దానికి బదులు తర్వాతి షాట్‌లోని మాటని, బొమ్మ మారడానికి అర సెకను ముందే వినిపించి చూడండి, కట్ అయినట్టే తెలియదు.

మాటల లెవెల్ గరిష్ఠంగా మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడేలా చూసుకుని, సంగీతం దానికి బాగా కింద పెట్టండి. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత ట్రాకులు ఉన్నాయి, కొన్నింటికి మాత్రం తయారుచేసినవాళ్ల పేరు రాయాలి. చివరికి 1080పీ, హెచ్ 264 అనే వీడియో ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి, ఇయర్‌ఫోన్స్ తీసేసి ఫోన్ స్పీకర్‌లో వినండి. ప్రాజెక్ట్ సబ్మిట్ చేసేదాకా ఒరిజినల్ క్లిప్పులు డిలీట్ చేయకండి.