పాత కార్బురేటర్ కారు: మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవుడు), సైలెన్సర్‌లో పేలుళ్లు ఎట్లా పోయినయంటే

బండి: లక్ష కిలోమీటర్లు దాటిన మూడు సిలిండర్ల పెట్రోల్ కారు. ఐడిల్‌లో (బండి ఆగి ఉండి ఇంజిన్ నడుస్తుంటే) బాగనే ఉంటది. కాజీపేట బ్రిడ్జి మూడో గేర్‌లో ఎక్కితే కుదుపు, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టప్ టప్.

ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మార్చినా, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్ కడిగించినా ఫలితం లేదు.

లోపం దొరికింది చీకట్లో. ఇంజిన్ వేడెక్కినంక ఐడిల్‌లో ఉంచి, స్ప్రే సీసాతో ప్లగ్ వైర్ల మీద సన్నగా నీళ్లు చల్లాలి. చేతులు, బట్టలు మాత్రం దూరంగా ఉండాలె, షాక్ గట్టిగనే కొడతది. రెండో సిలిండర్ వైరు నుంచి ఇంజిన్ బాడీకి నీలి మెరుపులు కనబడ్డయి. ఇంజిన్ ఆపి, వైరు ఊడదీసి మల్టీమీటర్ పెడితే మిగతా రెండూ కొన్ని కిలో ఓంలు చూపినయి, ఇది రీడింగే ఇవ్వలేదు.

లోడ్ పడితే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజ్ కావాలి. పగిలిన ఇన్సులేషన్ ఉంటే కరెంటు అటే పోతది. మండని పెట్రోల్ వేడి సైలెన్సర్‌లోకి పోయి పేలుతది.

వైర్లు సెట్టుగా మార్చాలి, ఒక్కటే కాదు. ఒక్కొక్కటి తీసి అదే చోట పెట్టాలె. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-2, తారుమారైతే మళ్లీ పేలుళ్లే. తర్వాత స్పార్క్ సరైన టైముకు పడుతుందా అని టైమింగ్ లైటుతో చూసుకోవాలి.

అన్ని బండ్లకూ ఇదే కారణం అనలేను. పేలుడు కార్బురేటర్ వైపు వస్తే మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి, పెట్రోల్ పోయే గొట్టం) గాస్కెట్ లీకు, వాల్వులు చూడాలి. కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండికైతే ముందు లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించుడే మంచిది.