బ్యాంకు ఆఫర్ లెటర్‌లో ముందు బోనస్ పేరా చదవండి

నానక్‌రామ్‌గూడలో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఆపరేషన్స్‌లో, అంటే లావాదేవీలు పూర్తిచేసి లెక్కలు సరిచూసే విభాగంలో, పనిచేస్తున్నాను. ఆఫర్ వచ్చిన పిల్లలు ఫోన్ చేసి ముందు ప్యాకేజీ చెబుతారు. నేను ముందు అడిగేది, “ఏ విభాగం, అమ్మా?” అని.

కంపెనీల అమ్మకాలు, విలీనాలు కుదిర్చేవాళ్లు, ట్రేడింగ్ చేసేవాళ్లు ఫ్రంట్ ఆఫీస్. హైదరాబాద్‌లో ఎక్కువగా ఉన్నవి ఆపరేషన్స్, రిస్క్, టెక్నాలజీ ఉద్యోగాలు. మెట్ల పేర్లు మాత్రం అందరికీ దాదాపు ఒకటే: అనలిస్ట్, అసోసియేట్, వైస్ ప్రెసిడెంట్, కొన్ని బ్యాంకుల్లో డైరెక్టర్, ఆపైన మేనేజింగ్ డైరెక్టర్. హోదా ఒకటే అయినా జీతం ఒకటి కాదు. న్యూయార్క్ అనలిస్ట్ బోనస్ చూసి ఇక్కడ ఇంటి లోన్ లెక్క వేసుకోకండి.

తర్వాత సీటీసీని, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుని, విడదీయండి. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్ అంచనా, ఆపైన మీ వాటా పీఎఫ్, పన్ను కూడా తీసేసి, నెలనెలా చేతికొచ్చేది ఎంతో కాగితం మీద రాయండి.

ఇక బోనస్ పేరా. దాన్ని నేను చదవకుండా సంతకం పెట్టాను. పాత కంపెనీలో జనవరి మొదటి వారంలో రాజీనామా ఇచ్చాను. బోనస్ పడేది ఫిబ్రవరిలో. డబ్బు పడే రోజుకి నోటీసులో ఉన్నవాళ్లకు బోనస్ రాదని లెటర్‌లో స్పష్టంగా ఉంది. ఏడాది కష్టం పోయింది, నెల రోజులు నిద్ర పట్టలేదు. అందుకే మారాలనుకుంటే, బోనస్ ఖాతాలో పడ్డాకే రాజీనామా పెట్టండి. ముందే వెళ్లాల్సి వస్తే, పోయే మొత్తం ఎంతో చెప్పి, కొత్తవాళ్లను జాయినింగ్ బోనస్‌గా అడగండి. మొహమాటపడకండి.

పై మెట్లలో బోనస్‌లో కొంత షేర్లుగా, కొన్నేళ్లకు పంచి ఇస్తారు. అవి మన పేరు మీదికి వచ్చిన రోజే జీతంలా పన్ను పడుతుంది. విదేశీ బ్యాంకు షేర్లయితే ఆదాయపన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల వివరాలు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపడం మరవద్దు.

ప్రమోషన్ మాట నవంబర్‌లో ఎత్తితే ఆలస్యమే. అప్పటికి పేర్లు దాదాపు ఖాయమై ఉంటాయి. మార్చిలోనే మేనేజర్‌తో కూర్చోండి. “బాగా కష్టపడ్డాను” అంటే ఎవరికీ గుర్తుండదు. “నెలవారీ రికన్సిలియేషన్ (రెండు వైపుల లెక్కలు సరిచూడటం) 9వ పనిరోజుకి ముగిసేది, ఇప్పుడు 4వ రోజుకే ముగుస్తోంది” అనండి. నాకు వైస్ ప్రెసిడెంట్ హోదా తెచ్చింది ఈ ఒక్క వాక్యమే. బ్యాంకు విదేశీ ఆఫీసులో, మాకైతే లండన్ టీమ్‌లో, మీ పని తెలిసినవాళ్లు ఇద్దరైనా ఉండాలి, ఎందుకంటే అభిప్రాయం వాళ్లనీ అడుగుతారు. ఈసారికి కాదంటే, ఏం తక్కువైందో ఆ రోజే అడిగి రాసుకోండి. ఆరు నెలల తర్వాత అదే కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లండి.