మార్చి బిల్లులు పెట్టే ముందు కన్సల్టెంట్లకు జాగ్రత్తలు

జీఎస్టీ బకాయి కింద బ్యాంకు ఖాతా అటాచ్ (జప్తు) అయిందన్న కబురు కన్సల్టెంట్ల మధ్య మళ్లీ తిరుగుతోంది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు, జడ్చర్ల ఫార్మా కంపెనీలకు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు సొంతంగా పనిచేసే ఇంజినీర్లు ఎక్కువ బిల్లులు మార్చిలోనే పెడతారు. లెక్కలు రాసుకోండి, ఖర్చు తగ్గించండి అన్నవి అందరికీ తెలిసిన మాటలే. మనిషిని ముంచేది ఒకే తప్పు: ఖాతాలో పడ్డ జీఎస్టీని సొంత పైసలు అనుకోవడం.

ఒక బిల్లు చూడండి. ఫీజు 1,00,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 18,000. క్లయింటు ఫీజులో 10 శాతం టీడీఎస్ (మీ పేరిట ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని 1,08,000 వేస్తాడు. ఫోనుకు మెసేజ్ వస్తుంది. అందులో మీది 90,000 మాత్రమే. ఆ 18,000 సర్కారుది. టీడీఎస్ 10,000 ఎటూ పోదు, మీ పాన్ మీద జమైందో లేదో చూసుకోండి.

ఆ 18,000 జడ్చర్లలో ప్లాటు అడ్వాన్సుకో, చిట్టీ కిస్తుకో పోయిందనుకోండి. నెలనెలా రిటర్ను వేసేవారు తర్వాతి నెల 20వ తారీఖుకల్లా కట్టాలి. పూర్తి పన్ను కట్టందే 3బీ (ఆ నెల పన్ను కట్టే రిటర్ను) ఫైల్ కాదు. 3బీ ఆగితే తర్వాతి నెల జీఎస్టీఆర్-1ను (మీరు పెట్టిన బిల్లుల వివరాల రిటర్నును) పోర్టల్ తీసుకోదు. మీ కొత్త బిల్లు క్లయింటు 2బీలో (పోర్టల్ అతనికి చూపే బిల్లుల పట్టీలో) కనబడదు, అతనికి ఇన్‌పుట్ క్రెడిట్ (మీ బిల్లు మీది జీఎస్టీని తన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు, వాళ్ల అకౌంటెంటు మీ పేమెంటు ఆపేస్తాడు. 18,000 వాడుకున్న పాపానికి తర్వాతి 1,08,000 కూడా ఆగిపోతుంది. పైన ఏడాదికి 18 శాతం వడ్డీ, రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము. దాన్ని పూడ్చడానికి నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే ఏడాదికి 24 శాతం.

పైసలు అందాకే జీఎస్టీ కట్టాలి అనుకునేవారు చాలామంది. కాదు. బిల్లు తేదీ, పైసలు అందిన తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే అదే లెక్క. మార్చి 31న పెట్టిన బిల్లుకు ఏప్రిల్ 20లోగా పన్ను కట్టాలి. మిల్లు వాళ్లు యాసంగి వడ్లు కొని, బియ్యం పట్టించి, అమ్మి జులైలో ఇచ్చినా సరే. క్లయింటు ముందే ఇచ్చే అడ్వాన్సు మీదా అంతే. అందుకే పని ముగియకముందు ప్రొఫార్మా (పన్ను పడని ముందస్తు బిల్లు) మాత్రమే ఇవ్వండి. పని ముగిసిన 30 రోజుల్లోగా ట్యాక్స్ ఇన్‌వాయిస్ పెట్టాలి.

ఇక చేయాల్సినవి:

- జీఎస్టీకి వేరే ఖాతా తెరవండి. పైసలు పడ్డ రోజే అందులోకి మార్చండి. దానికి ఏటీఎం కార్డు, యూపీఐ వద్దు.
- ఉద్యం (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. అది ఉన్నవారికి క్లయింటు గడువులోగా చెల్లించాలి: రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులకు మించకుండా, లేకుంటే 15 రోజుల్లో. గడువు దాటితే, చెల్లించేదాకా ఆ ఫీజును క్లయింటు తన ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోలేడు. బిల్లు మీద ఉద్యం నంబరు వేయండి.
- టీడీఎస్ పోగా కట్టాల్సిన ఆదాయపు పన్ను 10,000 గానీ అంతకు మించి గానీ ఉంటే మార్చి 15లోగా అడ్వాన్స్ ట్యాక్స్ కట్టేయండి.
- గడిచిన ఏడాదిలో బాగా తక్కువ వచ్చిన మూడు నెలల సగటు తీయండి. నెలకు అంతే ఇంటికి జీతం.
- హెల్త్ ఇన్సూరెన్సు, టర్మ్ పాలసీ ఉండాల్సిందే. మంచాన పడ్డ నెల మీకు ఎవరూ జీతం ఇవ్వరు.
- ఆరు నెలల ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో చేరేదాకా ప్లాటు మాట ఎత్తొద్దు.
- రిజిస్టర్ కాని చిట్టీలో రూపాయి వేయొద్దు.
- ప్లాటైనా బంగారమైనా ఆ 90,000లోంచే కొనాలి.
- బిడ్డ పెండ్లి ఉన్నా, బోరు వేయించాల్సి వచ్చినా జీఎస్టీ ఖాతా ముట్టొద్దు. వారంలో సర్దేస్తా అనుకుని కూడా ముట్టొద్దు.
- ఇప్పటికే ముట్టి ఉంటే ఎంత తీశారో ఇవాళే కాగితం మీద రాయండి. వచ్చే మొదటి పేమెంటుతో ముందు అదే నింపండి, 20వ తారీఖు దాటకముందే.