జావాస్క్రిప్ట్‌తో చేసిన వెబ్ ఫారంలో జిల్లా మార్చినా మండలాల డ్రాప్‌డౌన్ సరిగ్గా మారట్లేదా?

పాత మండలాలు పోకుండా కొత్తవి వచ్చి చేరుతున్నాయి

నల్లగొండ ఎంచుకుంటే మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ వచ్చాయి, బాగానే ఉంది. మహబూబ్‌నగర్‌కి మార్చగానే వాటి కిందే జడ్చర్ల, దేవరకద్ర, కోయిలకొండ కూడా వచ్చి కూర్చున్నాయి. ఉన్నవి తీసెయ్యకుండా అపెండ్ చేస్తూ, అంటే చివర్న చేరుస్తూ పోతే అంతే మరి. మండలాలు చేర్చే లూప్‌కి ముందు మండలం సెలెక్ట్ (అంటే ఆ డ్రాప్‌డౌన్) మీద, లోపలున్నవన్నీ మార్చేసే రీప్లేస్‌చిల్డ్రన్ ఫంక్షన్‌ని ఖాళీ బ్రాకెట్లతో పిలవండి, మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

సగమే పోతున్నాయి

సున్నా నుంచి లూప్ వేసి ఒక్కొక్కటే రిమూవ్ చేస్తున్నారన్నమాట. ఆప్షన్స్ లిస్టు ఎప్పటికప్పుడు మారిపోయే రకం: సున్నాలో ఉన్న మిర్యాలగూడ పోగానే దేవరకొండ ఆ చోటికి జరుగుతుంది, మీ లూప్ మాత్రం ఒకటికి వెళ్లి నకిరేకల్‌ని తీసేస్తుంది, మధ్యలో దేవరకొండ బతికిపోతుంది. చివరి నుంచి వెనక్కి రండి, లేదా ఆప్షన్స్ లెంగ్త్‌ని సున్నా చేసెయ్యండి.

సేవ్ చేసిన వివరాలు దిద్దే ఎడిట్ పేజీలో జిల్లా ఉంది, మండలం ఖాళీ

అసలు బుర్ర తినేది ఇదే, ఎందుకంటే బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఒక్క ఎర్ర గీత కూడా కనపడదు. జిల్లా వాల్యూని కోడ్‌తో పెడితే, మార్పు జరిగిందని కోడ్‌కి చెప్పే చేంజ్ ఈవెంట్ రాదు, మనిషి చేత్తో మార్చినప్పుడే వస్తుంది. అందుకే మండలాలు నింపే పనిని వేరే ఫంక్షన్‌లో పెట్టుకుని నేరుగా పిలవండి. అయినా ఖాళీగానే ఉంటే, ఫెచ్ (సర్వర్ నుంచి మండలాలు తెచ్చే పిలుపు) జవాబు రాకముందే మండలం వాల్యూ పెట్టేస్తున్నారు; లేని ఆప్షన్‌ని అడిగితే బ్రౌజర్ నోరు మెదపదు, ఏదీ ఎంచుకోకుండా వదిలేస్తుంది. అవెయిట్‌తో ఆ జవాబు వచ్చేదాకా ఆగి, ఆప్షన్లు నిండాక వాల్యూ పెట్టండి. కొందరు కాసేపాగి పని చేయించే సెట్‌టైమౌట్‌తో అర సెకను ఆపి పనైపోయిందనుకుంటారు. ఆఫీసు వైఫైలో నడుస్తుంది గానీ, సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో ఫోన్‌లో తెరిస్తే మళ్లీ మొదటికే.

మహబూబ్‌నగర్ కింద నల్లగొండ మండలాలు

జిల్లా టకటకా మార్చినప్పుడు ముందడిగిన దాని జవాబు ఆలస్యంగా వచ్చి, తర్వాత అడిగిన దాన్ని చెరిపేస్తుంది. జవాబు రాగానే జిల్లా ఇంకా అదేనా అని చూసి, కాకపోతే పారెయ్యండి. రిక్వెస్ట్‌ని మధ్యలో రద్దు చేసే అబార్ట్‌కంట్రోలర్‌తో పాతదాన్ని ఆపేస్తే ఇంకా శుభ్రం.

ఇవన్నీ సరిచేసినా నల్లగొండ కింద కోదాడ కనపడుతోంది

ఇక్కడ జావాస్క్రిప్ట్‌ని తిట్టి లాభం లేదు, మీ జాబితా 2016 అక్టోబరుకి ముందుది. కోదాడ, హుజూర్‌నగర్ అప్పుడే సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి. 2019లో ఏర్పడ్డ నారాయణపేట జిల్లా ఉందో లేదో కూడా అదే చేత్తో చూసుకోండి.