హుద్‌హుద్ వెనుక సముద్రం ఎంత చల్లబడింది? ఉపగ్రహ డేటాతో చూడటం ఎలా

తుపాను వేడి సముద్రం మీదే బతుకుతుంది, పోతూ పోతూ అదే సముద్రాన్ని చల్లబరుస్తుంది. గాలి కిందినున్న చల్లటి నీటిని పైకి కలిపేస్తుంది, కొంత వేడి ఆవిరితో పోతుంది. వెనుక మిగిలే ఆ చల్లటి చారను పట్టుకోవాలి. నేనైతే 2014 హుద్‌హుద్‌తోనే మొదలుపెట్టమంటాను. అక్టోబరు 8న అండమాన్ దాటి, 12న విశాఖ దగ్గర తీరం దాటింది. దారిలో తికమక లేదు.

కావలసినవి: ల్యాప్‌టాప్, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు పైపొర ఉష్ణోగ్రత డేటా, దాన్ని మ్యాపుగా గీసే పానోప్లీ (నాసా ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్), వాతావరణ శాఖ ఇచ్చిన తుపాను దారి, గాలులకు ఆస్క్యాట్ (సముద్రం మీది గాలిని కొలిచే ఉపగ్రహ పరికరం) డేటా. ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉంటే 273.15 తీసేయండి. అంతే.

అసలు తంటా మేఘాలతో. ఉపగ్రహం మీది ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ మేఘం కింది నీటిని చూడలేదు, మనకు కావలసిందేమో సరిగ్గా అక్కడే ఉంటుంది. దాంతో చాలామంది ఖాళీలు పూడ్చిన రోజువారీ మ్యాపు తెచ్చుకుంటారు. అందులో 12వ తేదీ అని కనిపించే రంగు పాత రోజులదో, మ్యాపులోని పక్క గళ్లదో కావచ్చు. అది చూసి ‘సముద్రం చల్లబడనే లేదు’ అని రాసేస్తారు.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. ఓ కుర్రాడు విశాఖ ఎదుట ముదురు నీలం మచ్చ చూపించి ఏడు డిగ్రీలు పడిపోయిందన్నాడు. జూమ్ చేస్తే మేఘం అంచు! మేఘం పైభాగపు చలి పక్క పిక్సెల్‌లోకి జొరబడింది. డేటాలో క్వాలిటీ 5 (అంటే అన్నిటికన్నా మేలైన నాణ్యత) ఉన్న పిక్సెళ్లనే ఉంచమన్నాను, మచ్చ మాయం.

కాబట్టి మైక్రోవేవ్ వాడండి. జపాన్ వాళ్ల మైక్రోవేవ్ ఉపగ్రహ సెన్సర్ ఆమ్సర్-2 మేఘాల గుండా చూస్తుంది. జోరువానలో, తీరం పక్కన మాత్రం దానికీ చేతకాదు. బీచ్ రోడ్డు ఎదుటి నీటి గురించి దాన్ని అడగొద్దు. రాత్రి పాస్‌లే (ఉపగ్రహం రాత్రిపూట పైనుంచి వెళ్లినప్పటి కొలతలే) తీసుకోండి, పగటి ఎండ పైపొరను ఉత్తుత్తిగా వేడెక్కిస్తుంది.

అక్టోబరు 14–16 సగటులోంచి 4–6 సగటు తీసేయండి. ఒక్క రోజును ఒక్క రోజుతో పోల్చిన మ్యాపులు నేను చూడను. మ్యాపుకు ఇంద్రధనుస్సు రంగులు నిషిద్ధం. నీలం, తెలుపు, ఎరుపు చాలు, సున్నా దగ్గర తెలుపు రావాలి.

తుపాను దారి గీసి దానికి కుడిపక్క వెతకండి. ఉత్తరార్ధగోళంలో చలువ అటే ఎక్కువ, ఎందుకంటే అక్కడ గాలి మళ్లే వైపే నీరూ మళ్లుతుంది. హుద్‌హుద్‌కు కుడి అంటే ఉత్తరం, ఈశాన్యం వైపు. చార పలచగా ఉంటే కంగారు పడి లెక్క మార్చొద్దు. వానాకాలం అయ్యాక ఉత్తర బంగాళాఖాతం మీద నదుల మంచినీరు మూతలా పరుచుకుంటుంది, గాలి కలిపినా కింది నుంచి వచ్చేది వేడినీరే. మే నెలలో ఆ మూత పలచన. అందుకే రెండోసారికి 2020 మే అంఫన్ తుపానును తీసుకోండి. అది ఉత్తరంగా వెళ్లింది, కాబట్టి ఈసారి తూర్పున వెతకాలి.